బావగారి పెట్టె మొరాయించిన రోజు

బావగారు పుట్టి బుద్ధెరిగాక ఒక్క మెయిల్ కూడా డిలీట్ చేసిన పాపాన పోలేదు. డిలీట్ అనే మీట ఒకటి తన కీబోర్డు మీద ఉందని ఆయనకు తెలియక కాదు. తెలిసే, పొరపాటున మోచెయ్యి తగులుతుందేమోనన్న భయంతో దాని మీద చిన్న అట్టముక్క అతికించి పెట్టుకున్నారు.

ఆయన చెవి మిషన్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో ఉత్తరాల గుమస్తా. వినికిడి తగ్గినవాళ్ళు ఫోన్ చేసి ఏం మాట్లాడతారు? మెయిలే రాస్తారు. పద్నాలుగేళ్ళుగా ఆ కంపెనీకి వచ్చే మెయిలైనా, అక్కడివాళ్ళు బయటికి పంపే మెయిలైనా బావగారి బల్ల మీది కంప్యూటర్ గడప తొక్కకుండా పోవడానికి వీల్లేదు. నిజానికి ఆయన్ని బావా అని పిలిచే హక్కు ఒక్కడికే ఉంది. రెండు వీధుల అవతల కంప్యూటర్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్న మెకానిక్ ఆయన భార్యకు స్వయానా తమ్ముడు. అతను ఆఫీసు గుమ్మంలో అడుగుపెడుతూనే "బావా!" అని పెట్టే కేక విని విని, చెవి అచ్చులు పోసే మేస్త్రి మొదలుకొని, ఆ అచ్చుల్ని నునుపు చేసే పాలిష్ అక్క దాకా అందరికీ ఆయన బావగారైపోయారు. కంపెనీ యజమానురాలు మేడమ్ కూడా ఒకసారి నలుగురిలో "బావగారూ, ఆ ఫైలు ఇటివ్వండి" అనేసి, నాలుక కరుచుకుని, ఆ పూటంతా గది తలుపు తియ్యలేదు.

మెకానిక్ బతుకులో సగం బావగారి మెయిల్ ఫోల్డర్లు సర్దడంలోనే గడిచిపోయింది.

మొదటిసారి అతన్ని పిలిపించినది సెలవు మనిషి వ్యవహారంలో. ఏదో కంపెనీ నుంచి "నేను సెలవులో ఉన్నాను, సోమవారం వస్తాను" అని దానంతటదే వచ్చే జవాబు ఒకటి వచ్చింది. అలాంటిది ఎవరైనా చూసి ఊరుకుంటారు. బావగారు జవాబు రాశారు. "మంచిదండీ. ప్రయాణం జాగ్రత్త. చలిగాలికి చెవులు కప్పుకోండి." వెంటనే అవతలి నుంచి, "నేను సెలవులో ఉన్నాను, సోమవారం వస్తాను." బావగారు మళ్ళీ, "ఆ సంగతి ఇందాకే చెప్పారు. మా పని గురించి దిగులు పెట్టుకోకండి." సాయంత్రానికి అటు నలభై ఒకటి, ఇటు నలభై ఒకటి.

"బావా, అది మనిషి కాదు. మిషను" అన్నాడు మెకానిక్ తల పట్టుకుని.

"మిషనైతే మాత్రం? నలభై ఒక్కసార్లు చెప్పిందంటే దానికెంత ఆత్రమో చూడు. జవాబివ్వకపోతే ఏమనుకుంటుంది?"

"ఏమీ అనుకోదు బావా!"

"అదేరా దాని మంచితనం."

ఆ ఎనభై రెండు మెయిళ్ళనీ డిలీట్ చేద్దామంటే ఒప్పుకోలేదు. "సెలవు మనిషి" అని ఒక ఫోల్డర్ పెట్టించారు. అలా పెట్టించిన ఫోల్డర్లు ఇప్పటికి ఆరువందల పన్నెండు. "కోపంగా రాసినవారు" అని ఒకటి, దాని పక్కనే "కోపం తగ్గి మళ్ళీ రాసినవారు" అని ఇంకొకటి. జుట్టు మొలిపించే నూనె వాళ్ళూ, ఒంటరితనం పోగొట్టే వాళ్ళూ, వారంలో సన్నబరుస్తామనే వాళ్ళూ పంపే చెత్త మెయిళ్ళన్నీ ఎక్కడున్నాయా అని మెకానిక్ వెతికితే, "ఎవరో తెలియదు గాని మన మేలు కోరేవారు" అన్న ఫోల్డర్‌లో కనిపించాయి.

"నా బట్టతల సంగతి వీళ్ళకెవరు చెప్పారో గాని, ఎంత శ్రద్ధరా! రోజుకి మూడుసార్లు అడుగుతారు. మీ అక్క ఒక్కసారి అడగలేదు" అన్నారు బావగారు.

అన్నిటిలోకీ ఆయనకు ప్రాణం "మొదట విన్నవి" అన్న ఫోల్డర్. చెవి మిషన్ పెట్టుకోగానే మొట్టమొదట ఏం వినపడిందో ఎవరైనా రాస్తే అది అందులోకి వెళ్ళాలి. రాయకపోతే బావగారే అడిగి రాయించుకునేవారు. పద్నాలుగేళ్ళ ఉత్తరాలు. ఒక పెద్దావిడ తన చెప్పుల చప్పుడు తనకే వినపడి వెనక్కి తిరిగి చూసుకున్నానని రాసింది. ఒక టైలరు, ఇన్నేళ్ళుగా తన కుట్టుమిషన్ ఏడుస్తోందని తెలియదనీ, వెంటనే నూనె పోశాననీ రాశాడు. ఇంకొక ఇల్లాలు రెండే ముక్కలు రాసింది: "మా ఆయన గురక విన్నాను. మిషన్ వాపసు తీసుకుంటారా?"

పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకున్నాక, ఆఫీసుకొచ్చి ఆ ఫోల్డర్‌లో ఒక్క ఉత్తరం చదివిగాని బావగారు పని మొదలుపెట్టరు. "ఇదీ దేవుడి మాటేరా. కాకపోతే మన అడ్రసుకి వచ్చింది" అనేవారు.

సరే, దాచుకునే గుణం అలా ఉంచితే, మెకానిక్‌ను అసలు తిప్పలు పెట్టింది ఇంకొకటి. నెలకు ఒకటి రెండుసార్లు సాయంత్రం నాలుగు దాటాక దుకాణానికి ఫోన్ వచ్చేది.

"ఒరేయ్, మొరాయించిందిరా."

"ఏమైంది బావా?"

"మెయిల్ వెళ్ళడం లేదు. రేపు పొద్దున్నే ఓసారి రా."

మర్నాడు సంచీ భుజాన వేసుకుని మెకానిక్ వెళ్ళేసరికి అంతా సవ్యంగా ఉండేది.

"నిన్న సాయంత్రం కదలనిది పొద్దున్నే ఎలా కదిలింది బావా?"

"రాత్రంతా ఆలోచించుకుని ఉంటుంది."

మెకానిక్ ఫోల్డర్లు విప్పి చూసేవాడు, ఏ మెయిల్ ఎక్కడుందో చెప్పే సూచిక మళ్ళీ కట్టేవాడు, తీగలు పీకి పెట్టేవాడు. ఎక్కడా లోపం దొరికేది కాదు. పదిహేనేళ్ళ అనుభవం మీద మన్ను పోసినట్టుండేది. ఒకసారి మాత్రం ఆ మొరాయింపు పుణ్యమా అని అతనే బయటపడ్డాడు. మూడేళ్ళ కిందట ప్రింటర్ కాలిపోయిన రోజున మేడమ్ నలుగురిలో అతన్ని కడిగేసింది. తప్పు అతనిది కాదు. దుకాణానికి వెళ్ళి, ఒళ్ళు మండి, "ఇక మీ గుమ్మం తొక్కను, వేరే మెకానిక్‌ను చూసుకోండి" అని కంపెనీకి మెయిల్ కొట్టాడు. తెల్లారేసరికి కోపం దిగి భయం ఎక్కింది. ఆ కంపెనీ పనే అతని దుకాణానికి సగం ఆధారం. ఇంతలో బావగారి ఫోన్.

"ఒరేయ్, నిన్న నీ దగ్గర్నుంచి మేడమ్‌కి ఏదో వచ్చింది గాని, మొరాయించింది. ఇంకా ఆవిడకి చేరలేదు. చేర్చమంటావా?"

"వద్దు బావా! అక్కర్లేదు! అది... ఊరికే... పరీక్ష కోసం పంపానంతే!"

ఫోన్ పెట్టేసి, ఆ పాడు ప్రోగ్రాంని పుట్టించిన వాళ్ళకి చేతులెత్తి మొక్కాడు.

ఈ మొరాయింపుల గురించి ఓసారి వాళ్ళక్కతో మొరపెట్టుకుంటే ఆవిడ పకపకా నవ్వింది.

"ఇంట్లో మాత్రం? నేను కోపంగా ఏదైనా అన్నాననుకో, మీ బావకి వినపడదు. చెవి మిషన్ల కంపెనీలో పనిచేస్తూ వినపడదు! మర్నాడు కాఫీ తాగుతూ 'నిన్న ఏదో అన్నావు, సరిగా వినలేదు, మళ్ళీ చెప్పు' అంటారు. మళ్ళీ చెప్పేంత కోపం ఎవరికుంటుందిరా?"

మెకానిక్ నవ్వేసి ఊరుకున్నాడు. అప్పుడు అతని బుర్రలో ఏ దీపమూ వెలగలేదు.

అసలు కథ మొన్న శుక్రవారం జరిగింది.

పొద్దున్న పదకొండింటికి ఫోన్. "ఒరేయ్, మొరాయించిందిరా!"

"ఇంకా నాలుగు కాలేదుగా బావా?" అన్నాడు మెకానిక్ తాపీగా.

"ఇది అది కాదురా! నిజంగా మొరాయించింది! పరిగెత్తుకురా!"

గొంతులో వణుకు విని మెకానిక్ సంచీ లాక్కుని, చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్‌తోనే పరిగెత్తాడు. వెళ్ళేసరికి బావగారి కంప్యూటర్ చుట్టూ ఆఫీసంతా ఉంది. తెర మధ్యలో ఒకే ఒక్క వాక్యం: డిస్కులో చోటు లేదు, కొత్త మెయిళ్ళు తీసుకోవడం కుదరదు.

అంతకు గంట ముందే, వినపడని పిల్లల బడి నుంచి ముప్ఫై ఇద్దరు పిల్లల చెవి కొలతలు బయల్దేరాయి. పెద్ద పెద్ద ఫైళ్ళు. సగం దాకా వచ్చి, పెళ్ళిలో సన్నటి గుమ్మం దగ్గర పరుపుచుట్ట ఇరుక్కున్నట్టు ఇరుక్కుపోయాయి. ఆ కొలతలు సాయంత్రానికి మేస్త్రి చేతికొస్తే తప్ప సోమవారానికి పిల్లల మిషన్లు సిద్ధం కావు.

"ఆ బడి టీచరమ్మకి ఫోన్ చేసి వేరే దారిలో పంపమంటే?" అన్నాడు మెకానిక్.

"ఆవిడకీ వినపడదయ్యా. ఫోన్ ఎత్తదు. ఏదైనా ఉంటే మెయిల్ రాయమంటుంది" అన్నాడు మేస్త్రి. "మెయిల్ రాద్దామంటే ఇదిగో, ఇదీ సంగతి. పిల్లల కొలతలు మన అడ్రసుకి తప్ప ఇంకెక్కడికీ పంపదు."

మేడమ్ గడియారం చూసింది. ఆవిడ మాట గట్టిది, మనసు అంత గట్టిది కాదు. కాని ఆ వేళ మాటే మాట్లాడింది.

"చూడు మెకానిక్. ఐదు గంటల దాకా టైమిస్తున్నాను. అప్పటికి దారికి రాకపోతే ఆ డబ్బాలో ఉన్నదంతా తుడిచేసి, కొత్త ప్రోగ్రాం పెట్టు. పిల్లల కొలతలు నాకు ముఖ్యం."

"అంతా అంటే... పద్నాలుగేళ్ళవీనా అండీ?" అన్నారు బావగారు.

"అంతా."

పిల్లల మిషన్ల ముందు తన ఉత్తరాలేపాటి? ఆ సంగతి అందరికంటే బావగారికే బాగా తెలుసు. వెళ్ళి కుర్చీలో కూర్చుని, "మొదట విన్నవి" తెరిచి, ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టారు, ప్రయాణమయ్యే పిల్లల్ని చివరిసారి చూసుకుంటున్నట్టు. అది చూసి మెకానిక్ స్క్రూడ్రైవర్ జేబులో దోపుకున్నాడు.

"లే బావా, ఆ కుర్చీ ఇలా ఇవ్వు. నేనున్నాగా!"

కూర్చుని చొక్కా చేతులు పైకి మడిచాడు. మొదట ఫోల్డర్లను కుదించి చూద్దామనుకున్నాడు. వెంటనే తెర మీద ఇంకో వాక్యం: కుదించడానికి చోటు చాలదు.

"సర్దడానికి చోటు లేకపోవడమేమిటిరా? చోటు కోసమేగా సర్దేది?" అన్నారు బావగారు.

"నిండిపోయిన గది సర్దాలంటే ముందు నాలుగు కుర్చీలు వరండాలో పెట్టాలి కదా బావా. నీకు వరండా కూడా నిండిపోయింది."

సంచీలోంచి తన పెద్ద డిస్కు తీసి తగిలించి మొత్తం కాపీ పెట్టాడు. ఆ ముసలి కంప్యూటర్ కాసేపు మూలిగి, "ఇంకా పంతొమ్మిది గంటలు" అంది. మెకానిక్ దణ్ణం పెట్టి ఆపేశాడు.

"ఇంక ఒకటే దారి. కొన్ని తీసెయ్యాలి. సెలవు మనిషి?"

"వద్దురా. పాపం, వచ్చాడో లేదో ఇంకా తెలియలేదు."

"జుట్టు నూనె?"

"మేలు కోరేవాళ్ళని ఎలా తోసేస్తాం?"

"నాలుగేళ్ళ కిందటి వాన హెచ్చరికలు బావా! ఆ వాన ఎప్పుడో వెలిసింది!"

"వెలిసిందిగా? ఎవరికీ ఏమీ కాలేదుగా? అందుకు గుర్తుగా ఉండనీ."

పాలిష్ అక్క చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మెకానిక్ మాత్రం జుట్టు పీక్కున్నాడు. రెండైంది. మూడైంది. మేస్త్రి మూడుసార్లు వచ్చి తన అచ్చుల మిషన్ వేడెక్కి సిద్ధంగా ఉందని చెప్పి వెళ్ళాడు. బావగారు చివరికి గుండె రాయి చేసుకుని సెలవు మనిషిని వదులుకుంటానన్నారు. తీరా చూస్తే ఆ ఎనభై రెండు మెయిళ్ళూ కలిపి చీమ తలకాయంత చోటు కూడా ఆక్రమించలేదు.

అప్పుడు మెకానిక్‌కు మెరుపులా తట్టింది. ఊరికే ఒక్కొక్కదానికీ బతిమాలడం దేనికి? బరువును బట్టి వరస పెట్టి చూడొచ్చుగా! పెట్టి చూశాడు. "మొదట విన్నవి" చూస్తే, పద్నాలుగేళ్ళ సంతోషం కలిపి ఒక పెళ్ళి ఫోటో అంత బరువు కూడా లేదు. వరసలో అన్నిటికంటే పైన, కొండలా ఒక ఫోల్డర్ కూర్చుని ఉంది. డిస్కులో సగానికి సగం అదొక్కటే మింగేసింది. దాని పేరు: "మొరాయించినవి".

"దొరికింది!" అని మెకానిక్ ఎగిరి గంతేశాడు. "బావా, ఇదేంటి?"

బావగారు చటాలున ముందుకొచ్చి, భుజం మీది తువ్వాలు తీసి తెర మీద కప్పేశారు.

"అది వద్దురా."

"వద్దంటే ఎలా బావా? నాలుగుంపావైంది!"

"అవి నావి కావురా. ఎవరి ఉత్తరం వాళ్ళే చూసుకోవాలి."

"పోనీ, ఇందులో బరువైనవి నాలుగు నా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తాను. వాటికి పట్టే చోటుంది."

"నలుగురి కోపాలూ జేబులో పెట్టుకుని బస్సెక్కుతావురా?"

"ఎవరి కోపాలు?" అంది మేడమ్ గుమ్మంలోంచి.

బావగారు ఎవరి ముఖమూ చూడకుండా, ఆ తువ్వాలు అంచు సవరిస్తూ మెల్లిగా చెప్పారు. సాయంత్రం నాలుగయ్యేసరికి మనుషులు అలిసిపోయి ఉంటారట. అలిసిన మనిషి రాసే కోపం సగం అలసటేనట. అందుకని నాలుగు దాటాక ఎవరైనా చుర్రుమంటూ మెయిల్ రాస్తే ఆయన దాన్ని ఆ రాత్రికి ఇక్కడ పడుకోబెట్టేవారు. తెల్లారాక రాసినవాళ్ళనే అడిగేవారు, పంపమంటారా అని. వద్దంటే ఇక్కడే ఉండిపోయేది. డిలీట్ చేయడం ఆయనకు చేతకాదాయె.

"అంటే, ప్రోగ్రాం మొరాయించిందని ఇన్నేళ్ళూ నన్ను తిప్పింది..." మెకానిక్ నోరు తెరిచాడు. "దొంగ బావా! నేను సూచికలు కట్టాను! తీగలు మార్చాను! ఒక రోజంతా బల్ల కింద పడుకున్నాను!"

"నువ్వు వచ్చి చూస్తేనే కదురా వాళ్ళు నమ్మేది?" అన్నారు బావగారు తల గోక్కుంటూ. "నేను మాత్రం అబద్ధమాడలేదు. మొరాయించింది అన్నాను. నా వేలే మొరాయించింది."

మేడమ్ ముఖం ఎర్రబడింది. "నా మెయిళ్ళు కూడా ఆపారా? ఎవరినడిగి?"

"తప్పేనండీ. రాత్రికి మాత్రమే ఆపాను. పొద్దున్నే మిమ్మల్ని అడగకుండా ఒక్కటీ ఉంచలేదు. పంపమన్న మరుక్షణం పంపేవాణ్ణి."

"అది నిజమే" అంది పాలిష్ అక్క ముందుకొచ్చి. "ఆ సాన మిషన్ నా వేలు కోసినప్పుడు, దాన్ని అమ్మిన వాళ్ళని తిడుతూ రాశాను. మర్నాడు బావగారు అడిగారు. 'పంపండి, ఒక్క అక్షరం కూడా తగ్గించను' అన్నాను. పంపడమే కాదు, కింద తనూ నాలుగు వాక్యాలు రాశారు. వారంలో మిషన్ మార్చి ఇచ్చారు."

గడియారం ఠంగున నాలుగున్నర కొట్టింది.

"ఎవరివి వాళ్ళు చూసుకుంటే సరిపోతుందిగా?" అన్నాడు మెకానిక్. "నేను అటు తిరుగుతాను. ఒక్కొక్కరే వచ్చి, కావలసినవి ఉంచుకుని మిగతావి తీసెయ్యండి. త్వరగా! ఇంకా అరగంటే!"

మేస్త్రి ముందు కూర్చున్నాడు. తువ్వాలు కాస్త పక్కకు తొలిగింది. అటు తిరిగి నిలుచున్న మెకానిక్‌కు కీబోర్డు మీద అట్టముక్క పీకిన చప్పుడు, తర్వాత ఠక్ ఠక్ ఠక్‌మని మీట చప్పుడు, మధ్యమధ్య మేస్త్రి గొణుగుడు వినిపించాయి.

"అబ్బ, ఇంత మాటన్నానా? మా తమ్ముణ్ణేనా? దేవుడా... దీనికి యాభై ఫోటోలు కూడా తగిలించానే!"

బరువెక్కడిదో అప్పుడు తెలిసింది. కోపంగా రాసేవాళ్ళు ఊరికే రాయరు. సాక్ష్యాలు తగిలిస్తారు. పగిలిన అచ్చుల ఫోటోలు, మరక పడిన గోడల వీడియోలు, పాత ఉత్తరాల కట్టలు.

పాలిష్ అక్కవి రెండే ఉన్నాయి. ఒకటి తీసేసింది. రెండోది చదువుకుని, "ఇది బాగా రాశాను, కాని పంపను" అని తనే ముచ్చటపడి, అదీ తీసేసింది. మేడమ్ కూర్చుంది. ఆవిడ చాలాసేపు కూర్చుంది. మీట చప్పుడు వాన మొదలైనట్టు మొదలై, ఎడతెరిపి లేకుండా సాగింది. నాలుగూ నలభై ఎనిమిదికి హఠాత్తుగా ఆగిపోయింది.

"మెకానిక్, ఇలా రా" అంది మేడమ్ మారిన గొంతుతో.

తెర మీద రెండే మెయిళ్ళు మిగిలాయి. రెండూ మూడేళ్ళ కిందటివి, ప్రింటర్ కాలిన రోజువి. ఒకటి తనది: ఇక మీ గుమ్మం తొక్కను. దాని పైవరసలో మేడమ్ అతనికి రాసినది, ఏడు నిమిషాల తేడాతో: ఇక మా గుమ్మం తొక్కవద్దు.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"మర్నాడు పొద్దున్న వద్దన్నాను" అంది మేడమ్.

"నేనూ వద్దన్నానండీ" అన్నాడు మెకానిక్.

"ప్రింటర్ తప్పు నీది కాదని ఆ రాత్రే తెలిసింది. చెప్పడానికి మొహం చెల్లలేదు."

"పోనీలెండి. ఇప్పుడు చెప్పారుగా."

మేడమ్ తన మెయిల్ మీద వేలు పెట్టి నొక్కింది. మెకానిక్ తనది నొక్కాడు. ఫోల్డర్ ఖాళీ. అంతటితో పని కాలేదని మెకానిక్‌కు తెలుసు. డిలీట్ చేసిన మెయిళ్ళు వెంటనే పోవు. పేరు కొట్టేసినా, వీడ్కోలు చెప్పి గుమ్మంలోనే కబుర్లాడే చుట్టాల్లా చోటు పట్టుకుని అక్కడే ఉంటాయి. ఫోల్డర్‌ను కుదిస్తేనే కదులుతాయి. లోపల ఎవరూ మిగలని ఫోల్డర్ కాబట్టి ఈసారి చోటు చాలదన్న పేచీ లేదు. నొక్కాడు. క్షణంలో డిస్కు సగం ఖాళీ! ఊపిరాడింది! ఇన్‌బాక్స్‌ను కుదించాడు, సూచిక మళ్ళీ కట్టాడు, ప్రోగ్రాంను మూసి తెరిచాడు.

నాలుగూ యాభై తొమ్మిది. ఒక్క మెయిలూ లేదు. బావగారు కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతున్నారు. మేస్త్రి గడియారం ముందు అడ్డంగా నిలబడ్డాడు, మేడమ్‌కు ముల్లు కనపడకుండా.

టింగ్!

ఒకటి, మూడు, పదకొండు, ముప్ఫై రెండు! పిల్లల చెవులన్నీ బిలబిలలాడుతూ తెర మీదికి దిగాయి. "వచ్చాయి! వచ్చాయి!" అని మేస్త్రి లోపలికి పరుగు. పాలిష్ అక్క చప్పట్లు. మేడమ్ బావగారి రెండు చేతులూ పట్టుకుని, ఈసారి నాలుక కరుచుకోకుండా, "బావగారూ!" అంది. ఇంకేం అనాలో తెలియక మళ్ళీ "బావగారూ!" అంది. గదిలోకి వెళ్ళేటప్పుడు మాత్రం తిరిగి చూసి, "నాలుగు దాటాక నేను రాసేవి ఇకనుంచి నాకు చెప్పే ఆపండి" అని వెళ్ళింది.

మెకానిక్ నుదుటి చెమట తుడుచుకున్నాడు. "మొదట విన్నవి" ఒకసారి తెరిచి, అన్నీ క్షేమంగా ఉన్నాయని బావగారికి చూపించాడు. తర్వాత ఖాళీ ఫోల్డర్ మీదికి బాణం తీసుకెళ్ళాడు.

"ఇంక ఈ 'మొరాయించినవి' ఫోల్డర్ తీసేస్తాను బావా. లోపల ఏమీ లేదుగా."

"ఉండరా, ఉండు" అని బావగారు అట్టముక్క వెతికి, ఉమ్మి తడిచేసి, జాగ్రత్తగా డిలీట్ మీట మీద అతికించేశారు. "ఊరుకుంటే నా పర్సులోంచి మీ అక్క ఫోటో కూడా తీసెయ్యమనేలా ఉన్నావు నువ్వు."

"ఖాళీ ఫోల్డర్ దేనికి బావా?"

బావగారు గోడ గడియారం చూశారు. ఐదూ పది. బల్ల మీదున్న మెకానిక్ ఫోన్ చూపించారు. దుకాణం పేరిట వచ్చిన సందేశం ఒకటి దాని మీద మెరుస్తోంది. మెకానిక్ పొద్దున స్క్రూడ్రైవర్‌తో పరిగెత్తుకొచ్చేస్తే, అతని కోసం తలుపు దగ్గర మూడు గంటలు కాచుకుని, కంప్యూటర్ తీసుకోకుండానే తిరిగి వెళ్ళిపోయిన ఒక పెద్దమనిషి తిట్ల పురాణం అది.

చదువుతూండగానే మెకానిక్ చెవులు ఎర్రబడ్డాయి. "చూశావా బావా, ఎంత మాటన్నాడో! ఇప్పుడే వీడికి ఒక మెయిల్ రాస్తాను. నీ కంప్యూటర్ ఇలా ఇవ్వు!"

"రాయరా, తప్పకుండా రాయి" అన్నారు బావగారు, కుర్చీ అతని వైపు జరిపి. "బాగా రాయి. ఫోటోలుంటే తగిలించు."

మెకానిక్ రెండు వాక్యాలు టకటకా కొట్టాడు. మూడో వాక్యం మధ్యలో వేళ్ళు ఆగాయి. బావగారి వైపు అనుమానంగా చూశాడు.

"బావా, ఇది ఇవాళ వెళ్తుందంటావా?"

బావగారు కళ్ళజోడు తుడుచుకుని, తెర వంక ఎంతో దిగులుగా చూశారు.

"అనుమానమేరా. వాలకం చూస్తే మొరాయించేలా ఉంది."